పండక్కి ఊరెళ్ళకపోతే

డిసెంబరు రెండో వారం వచ్చిందంటే మా బ్రాంచిలో బంగారం తూచే అప్రైజరుగారికి మధ్యాహ్నం భోజనానికి కూడా తీరిక దొరకదు. కోతలు ముగిసే రోజులవి. వడ్లు అమ్మిన డబ్బు ఇంకా చేతికి వచ్చి ఉండదు. సంక్రాంతి మాత్రం నెల రోజుల్లోకి వచ్చేస్తుంది. కాంపుల నుంచి వచ్చిన మనవాళ్ళు గాజులో గొలుసో కౌంటరు మీద పెట్టి, "పండక్కి ఊరెళ్ళాలండీ" అంటారు. ఊరంటే వాళ్ళు కాపురముంటున్న ఊరు కాదు. నలభై ఏళ్ళ కిందటో అరవై ఏళ్ళ కిందటో వదిలి వచ్చిన ఊరు.

తాకట్టు నగకు విలువ కట్టి అప్పు ఇవ్వడం బ్యాంకువాడి పని. ఆ డబ్బుతో ఎక్కడికి పోతారు, పోకపోతే ఏమవుతుంది అని అడగడం మర్యాద కాదు. పత్రికలో రాసుకునేటప్పుడు ఆ అడ్డు లేదు గనుక ఇక్కడ అడుగుతున్నాను. పండుగ చేసుకోవాలంటే ఐదు వందల కిలోమీటర్లు పోవలసిందేనా? పోలేనివాడికి పండుగ లేదా?

రాయచూరు జిల్లా సంగతి తెలియని పాఠకుల కోసం నాలుగు మాటలు చెప్పాలి. తుంగభద్ర ఆనకట్ట 1953లో పూర్తయింది. ఎడమ కాలువ 227 కిలోమీటర్ల పొడుగునా గంగావతి, సింధనూరు, మాన్వి ప్రాంతాల నల్లరేగడి మీదికి నీళ్ళు తెచ్చింది. జొన్న, పత్తి తప్ప వేరే ఎరగని ఈ నేలలో మడి కట్టడం ఇక్కడివారికి అలవాటు లేదు. చదును చెయ్యడానికి పెట్టుబడీ లేదు. గోదావరి, కృష్ణా, గుంటూరు జిల్లాల నుంచి మనవాళ్ళు అక్కడ ఎకరం అమ్మి ఇక్కడ నాలుగైదు ఎకరాలు కొన్నారు. పొలాల దగ్గర పాకలు వేసుకుని ఉన్నారు కనుక వాటికి కాంపులని పేరు పడింది. ఈనాడు ఆ పాకల చోట మేడలు లేచాయి, పేరు మాత్రం కాంపే. గంగావతి 1997లో కొత్త కొప్పళ జిల్లాలోకి పోయింది గానీ మా బంధుత్వాలు జిల్లా హద్దులు చూసుకోలేదు. ఇది గాక 1956 దాకా రాయచూరు హైదరాబాదు రాష్ట్రంలో ఉన్నది కాబట్టి, పట్నంలో తరతరాలుగా ఉన్న తెలుగువారు వేరే ఉన్నారు. వాళ్ళకు 'ఊరు' అంటే రాయచూరే. ఈ ఊరెళ్ళే బాధ కాంపుల వాళ్ళదే.

మా నాన్నగారు బాపట్ల దగ్గరి పల్లె నుంచి సింధనూరు తాలూకాకు వచ్చారు. నేను ఇక్కడే పుట్టాను, రాయచూరులో బి.కాం. చదివాను, ఈ జిల్లాలోనే ఎక్కువ కాలం ఉద్యోగం చేశాను. చిన్నప్పుడు ఏటా సంక్రాంతికి ట్రంకుపెట్టె, అరిసెల డబ్బా, నిద్రకళ్ళతో మేమూ బయలుదేరేవాళ్ళం. రాయచూరు దాకా బస్సు, గుంతకల్లు దాకా ఒక రైలు, అక్కడ మీటరు గేజి బండి. బొగ్గు మసితో మామ్మ వాకిట్లో దిగేసరికి ఒకటిన్నర రోజు. ఆ ప్రయాణంలో ఒక అర్థముండేది. ఆ చివర మామ్మ ఉండేది, పెరట్లో గాదె ఉండేది, మా పేరు పెట్టి పిలిచే వీధి ఉండేది.

మామ్మ పోయింది. ఇల్లు వాటాలు పడి చేతులు మారింది. పల్లె ఇప్పుడు బాపట్ల జిల్లాలో ఉంది. అయినా కొన్నేళ్ళు వెళ్తూనే ఉన్నాం, బంధువుల ఇంట్లో దిగుతూ, వాళ్ళకు ఇబ్బంది కాకూడదని మూడో రోజే బయటపడుతూ. కొన్నేళ్ళ కిందట ఒకసారి తిరిగివచ్చాక అలవాటు కొద్దీ ఖర్చు రాసి చూశాను. నలుగురికి పండుగ రోజుల ప్రైవేటు బస్సు రేట్లలో రానుపోను చార్జీలు, పెట్టుపోతల బట్టలు, దారి తిళ్ళు, అక్కడ ఆటోలు, కార్లు అన్నీ కలిపి పాతిక వేలు దాటింది. నాకు జీతముంది కాబట్టి అది భారమే తప్ప అప్పు కాదు. నాలుగెకరాలు కౌలుకు చేసేవాడికి అదే మొత్తం గొలుసు తాకట్టు. ఆ గొలుసు మార్చిలో విడిపించాలి. రెండో పంటకు కాలువ చివరి దాకా నీళ్ళు వస్తాయో రావో జనవరిలో ఎవరికీ తెలియదు. 2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర 19వ గేటు కొట్టుకుపోయినప్పుడు, నిండిన డ్యాము కళ్ళముందే ఖాళీ అవుతుంటే మా కాంపులో పొయ్యి వెలిగించని ఇళ్ళున్నాయి. మా పంట మీద లెక్క అలాంటిది.

అయితే ఖర్చు ఒక్కటే చెప్పి ఊరుకుంటే ఇది పొదుపు గురించిన ఉపన్యాసమవుతుంది. డబ్బుంటే వెళ్ళండి, లేకపోతే ఇంట్లో కూర్చోండి అన్నట్టవుతుంది. నేను చెప్పదలచుకున్నది అది కాదు. ఇక్కడే చేసుకునే పండుగ ఒకటి మా గుమ్మం ముందుకు నడిచి వచ్చిన సంగతి చెప్పాలి.

మా నాన్నగారు పొలం కొన్నది పక్క ఊరి గౌడరి దగ్గర. మా అన్నదమ్ములందరికీ ఆయన 'అజ్జ'. పొలం రిజిస్ట్రీ అయిన మొదటి సంవత్సరం, మార్గశిర బహుళ అమావాస్య నాడు, ఆయన ఎద్దులబండి కట్టుకుని ఇంటిల్లిపాదినీ తీసుకుని సరాసరి మా పొలంలోకి వచ్చాడట. అమ్మేసిన పొలంలోకి ఈ బండేమిటని నాన్నగారు కంగారుపడి ఎదురు వెళ్ళారు. గౌడరు నవ్వి, వచ్చీరాని తెలుగులో, "పొలం మీకు రాసిచ్చాను యజమాన్రే, పండుగ రాసివ్వలేదు గదా" అన్నాడని అమ్మ చెప్పేది.

అది ఎళ్ళ అమావాస్య. కన్నడంలో ఎళ్ళంటే నువ్వులు. ఈ వైపు రైతుకు దీపావళి కన్నా, సంక్రాంతి కన్నా పెద్ద పండుగ. జొన్నచేలు నిలువెత్తు పెరిగి పొట్టకొచ్చే సమయమది. భూమి కడుపుతో ఉన్న ఆడపడుచు, ఆమెకు కోరినవన్నీ పెట్టాలంటారు. చేలో ఐదు రాళ్ళు నిలబెట్టి సున్నం పూసి పాండవులని పూజ చేస్తారు. తెచ్చిన వంటలన్నీ కొంచెం కొంచెం కలిపి, పొలం నాలుగు గట్ల వెంట నడుస్తూ కేకవేసి చల్లుతారు. దాన్ని చరగ చల్లడం అంటారు. ముందొకడు చల్లుతూ పోతే వెనక ఒకడు నీళ్ళు చిలకరిస్తూ నడుస్తాడు. భూమికి పెట్టాకే మనుషులు చేలో వరసగా కూర్చుని తింటారు. దారినపోయేవాణ్ణి కూడా పిలిచి విస్తరి వేస్తారు. ఆ రోజు ఇంట్లో తినేవాడు ఉండడు.

మా పొలంలో ఆ రోజుకు జొన్న ఎక్కడిది? కోసిన వరి మోళ్ళు. గౌడరు ఆ మోళ్ళ మీదనే చరగ చల్లాడు. ఐదు రాళ్ళు మడిగట్టు మీద నిలబెట్టాడు. ఆయన భార్య మా అమ్మను "అక్కా, రా" అని పక్కన కూర్చోబెట్టుకుని నువ్వులద్దిన సజ్జరొట్టె చేతిలో పెట్టింది. అమ్మకు సజ్జరొట్టె తినడం రాదు, కన్నడం అసలే రాదు. గోంగూర పచ్చడి చూసి మాత్రం ప్రాణం లేచివచ్చిందట. పుండిపల్లె అని వాళ్ళు పెట్టింది మన గోంగూరే గదా! సంక్రాంతికి అమ్మ అరిసెలు వండి గౌడరి ఇంటికి పంపింది. అప్పటినుంచి ఏటా ఇటు చరగ, అటు అరిసెలు.

నేను కామర్సు చదివినవాణ్ణి. ప్రతి జమకూ ఎదురుగా ఒక ఖర్చు ఉండాలని మాకు మొదటి పాఠం. నాన్నగారు పొలానికి కట్టిన రూపాయలు ఆనాటి ధరకు న్యాయమైనవే. కానీ నీళ్ళు వచ్చాక అదే పొలం విలువ ఎన్ని రెట్లయిందో అమ్మినవాడు గట్టున నిలబడి చూస్తూనే ఉన్నాడు. ఈ ప్రాంతంలో కాంపుకూ ఊరికీ మధ్య ఉన్న ఎడం అక్కడ పుట్టింది. మాటల్లో రాదు గాని చూపులో ఉంటుంది. గౌడరు ఏటా ఆ గట్టు దాటి వచ్చి, తనది కాని నేలకు అన్నం పెట్టి పోయేవాడు. ఆ పద్దు ఏ లెడ్జరులో రాయాలో నాకు ఇప్పటికీ తెలియదు.

ఒక ఏడు కాలువ నీళ్ళు చాలవని ముందుగానే తెలిసి, కొంత పొలంలో నాన్నగారు జొన్న చల్లారు. ఆ ఎళ్ళ అమావాస్యకు గౌడరు వచ్చి చేలో నిలబడి, కంకిని రెండు వేళ్ళతో పట్టుకుని చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తరవాత నాన్నగారి చేతికి చరగ గంప ఇచ్చి, "ఈసారి నువ్వు చల్లు" అన్నాడు. నాన్నగారు కృష్ణా డెల్టా రైతు. ఆ కేక ఆయన నోట సరిగా పలకలేదు. పిల్లలందరం పొట్టలు పట్టుకుని నవ్వాం. ఆయనా నవ్వారు. ఆ రోజు తరవాత పండుగ వాళ్ళదీ మాదీ అని విడదీసి చెప్పడం మా ఇంట్లో మానేశాం.

ఇద్దరూ ఇప్పుడు లేరు. గౌడరి కొడుకు వస్తాడు, ఎద్దులబండి పోయి ట్రాక్టరు వచ్చింది. బెంగళూరులో ఉద్యోగాలు చేసే పిల్లలు, వాళ్ళవాళ్ళూ మావాళ్ళూ, శెలవు దొరికితే వస్తారు. ఈ పండుగకు తేదీ స్థిరం కాదు. 2024లోనే జనవరి 11న ఒకసారి, డిసెంబరు 30న మరోసారి వచ్చింది. అందుకని పంచాంగం చూసి రెండు నెలల ముందే పిల్లలకు కబురు పెడతాం.

మా ఇంటి శీతాకాలపు పండుగలు ఇప్పుడెలా జరుగుతున్నాయో చెబుతాను. పనికివస్తుందనుకుంటే మీరూ చూడండి.

ఎళ్ళ అమావాస్యకు పది రోజుల ముందునుంచే సజ్జరొట్టెలు కాలుస్తారు. పలచగా కాల్చి ఆరబెట్టిన కటకు రొట్టెలు ఎన్నాళ్ళైనా నిలవుంటాయి. గౌడరి కోడలు, నా భార్య కలిసి ఒకే పొయ్యి మీద చేస్తారు. మిగతావి గుత్తివంకాయ, పుండిపల్లె, వేరుశనగపప్పు బొబ్బట్లు (ఇక్కడ శేంగా హోళిగె అంటారు), గురెళ్ళ కారం, పెరుగన్నం. గురెళ్ళంటే మనం వలిసెలంటామే, అవి. వంకాయలు, గోంగూర, పెరుగు ఇంటివి. సజ్జలు, బెల్లం, పల్లీలు, నూనె కొనాలి. పాతికమంది తినేదానికి రెండిళ్ళవాళ్ళం సగం సగం వేసుకుంటే మా వాటా ఏనాడూ రెండు వేలు దాటలేదు.

భోగినాడు కాంపు నడివీధిలో మంట. ఒకప్పుడు చందాలు వేసి ఆర్కెస్ట్రా పిలిచేవాళ్ళు. రాత్రంతా మైకు, తెల్లారి గొడవలు. ఆడవాళ్ళే పట్టుబట్టి అది మాన్పించారు. ఆ చందాలో పదోవంతుతో ఇప్పుడు ముగ్గుల రంగులు, పిల్లలకు చెరుకుగడలు వస్తున్నాయి. హరిదాసులు ఇంతదూరం రారు. గంగిరెద్దులవాళ్ళు ఎప్పుడైనా దారితప్పి వస్తే వచ్చినట్టు. గొబ్బెమ్మలకు మాత్రం లోటు లేదు, కాంపులో ఇంకా పాడి ఉన్నది కాబట్టి. భోగిపళ్ళు పోసేటప్పుడు గౌడరి మనవరాలికీ మా మనవడికీ కలిపి ఒకే పీట మీద పోశాం.

సంక్రాంతి నాడు ఇక్కడివాళ్ళు ఇంట్లో ఉండరు. నదికి పోయి స్నానం చేసి, ఒడ్డున భోజనం చేసి వస్తారు. మన జిల్లాకు ఉత్తరాన కృష్ణ, దక్షిణాన తుంగభద్ర. రెండు నదుల మధ్య ఉన్నవాళ్ళం, ఏ వైపు నడిచినా నదే! మేము ఎక్కువగా తుంగభద్ర ఒడ్డుకు వెళ్తాం. ఓపిక ఉన్న ఏడు రాయచూరు అవతల కృష్ణ మధ్యనున్న కురుగడ్డకు. తెలుగువారు కురువపురమని చెప్పుకునే శ్రీపాద శ్రీవల్లభుల క్షేత్రమది. పుట్టిలో కూర్చుని నది దాటిన ఆనందం మా పిల్లలకు ఏ ఎగ్జిబిషనులోనూ దొరకలేదు. సాయంత్రం ఇళ్ళకు తిరిగి కుసురెళ్ళు పంచుకుంటారు. నువ్వుగింజ మీద పంచదార పాకం చుక్క చుక్కగా పోస్తూ వేళ్ళతో తిప్పుతుంటే ముళ్ళు ముళ్ళుగా తెల్లటి పూసలవుతాయి. ఓర్పు తప్ప ఖర్చు లేని పిండివంట. నువ్వులూ బెల్లమూ తిని మంచిమాట ఆడుకుందామని ఒకరి చేతిలో ఒకరు పెడతారు. ఏడాదంతా గట్టుతగాదా పడినవాళ్ళు కూడా ఆ సాయంత్రం చెయ్యి చాపక తప్పదు.

సింధనూరు చుట్టూ బెంగాలీ కాందిశీకుల పునరావాస కాంపులున్నాయి. ఆనాటి తూర్పు పాకిస్తాను నుంచి వచ్చినవాళ్ళు. వాళ్ళకూ అదే రోజు పౌష సంక్రాంతి. బియ్యప్పిండితో, బెల్లంతో 'పిఠే' అని చేస్తారు. మా బ్రాంచికి వచ్చే ఒక బెంగాలీ ముసలమ్మ మొదటిసారి డబ్బా తెచ్చి ఇచ్చినప్పుడు రుచి చూసి, ఇది మన కుడుముకు చెల్లెలే అనుకున్నాను. మాకు వదిలి వచ్చిన ఊరు బస్సెక్కితే వస్తుంది. ఆమె ఊరికి బస్సు లేదు. ఆమె పండుగ మానలేదు.

శెలవుల్లో పిల్లలను ఎక్కడికైనా తీసుకుపొమ్మంటారు. గోవా, ఊటీ అంటారు. మేము రాయచూరు కోటకు తీసుకుపోయాం. కోటగోడలో నలభై అడుగులు దాటిన ఒకే రాతిమీద శాసనముంది. కాకతీయ ప్రతాపరుద్రుని కాలంలో, 1294లో, గోన విఠలుడు ఈ కోట కట్టించిన సంగతి తెలుగులో చెక్కారు. అంత రాతిని బండి మీద వేసి పశువులచేత లాగించుకొచ్చిన బొమ్మ కూడా చెక్కారు. మా మనవడూ గౌడరి మనవరాలూ పోటీపడి అక్షరాలు వెతికారు. ఒకడు తెలుగు అక్షరమన్నదాన్ని ఒకతె కన్నడమంది. ఏడు వందల ఏళ్ళ కిందటి ఆ లిపి రెండింటికీ తల్లి లాంటిది, ఇద్దరూ నిజమే చెప్పారు. ఆ వేళ మాకైన ఖర్చు బస్సు చార్జీలు, మిరపకాయ బజ్జీలు.

మా కాంపులో క్రైస్తవ కుటుంబాలున్నాయి. డిసెంబరు మొదలవగానే వాళ్ళ ఇళ్ళమీద కాగితపు నక్షత్రాలు వెలుగుతాయి. ఆ వారంలో మేము ముద్గల్ వైపు ఒకసారి తిరిగివస్తాం. అక్కడి రోమన్ కథోలిక్ చర్చి పదహారో శతాబ్దపు మాట అంటారు. కోట ఉండనే ఉంది. దారిలో మస్కి. 1915లో బీడన్ అనే బంగారు గనుల ఇంజనీరు ఇక్కడి కొండమీద శాసనాన్ని కనిపెట్టేదాకా, 'దేవానాంప్రియుడు' అని రాయించుకున్న రాజు అశోకుడేనని నిర్ధారణ లేదు. ఆ పేరు ఈ మస్కి బండమీద దొరికింది. ప్రపంచమంతా చదివే పాఠం మా ఇంటికి ముప్పావుగంట దూరంలో ఉంది. 2024లో సింధనూరుకు రైలు కూడా వచ్చాక ఇక చూడలేదనడానికి సాకు లేదు.

ఇదంతా విని మా తమ్ముడొకసారి అన్నాడు, "అన్నయ్యా, నీ పొదుపు బాగానే ఉంది గానీ, పిల్లలకు మన ఊరు మరిచిపోదూ?" అని. తేలికగా తీసెయ్యవలసిన మాట కాదు. అక్కడ తల్లిదండ్రులు బతికి ఉన్నవాళ్ళు, ఎదురుచూసే అక్కచెల్లెళ్ళున్నవాళ్ళు తప్పకుండా వెళ్ళాలి, అప్పుచేసైనా వెళ్ళాలి. వాళ్ళకు గొలుసు తూచి ఇచ్చేటప్పుడు నాకేమీ అనిపించదు. నేనంటున్నది ఎదురుచూసేవాళ్ళు లేకపోయినా, వెళ్ళకపోతే నలుగురిలో చిన్నతనమని వెళ్ళేవాళ్ళ గురించి. అక్కడ వాళ్ళను 'కర్నాటకవాళ్ళు' అంటారు, ఇక్కడ 'ఆంధ్రావాళ్ళు' అంటారు. రెండుచోట్లా చుట్టాలే. ఏడాదికొకసారి ఖర్చుపెట్టి చుట్టరికం చూపించుకు వచ్చినంత మాత్రాన అక్కడివాళ్ళం కాము. ఇక్కడ పండుగ పూట ఇంటికి తాళం వేసిపోతే ఇక్కడివాళ్ళమూ కాము. మా తాతల ఊరిని మా పిల్లలు అరిసెల్లో, గొబ్బిళ్ళలో, ఇంట్లో మాట్లాడే మాటలో గుర్తుంచుకుంటారు. వాళ్ళు తినే సోనా మసూరి బియ్యం మాత్రం ఈ రేగడిలో పండింది. ఆ రేగడికి ఏడాదికి ఒక పూట అన్నం పెట్టడం వాళ్ళకు రావాలి.

పోయినేడు గౌడరి కొడుక్కి మోకాళ్ళ నొప్పి ఎక్కువై గట్లమీద నడవలేకపోయాడు. గంప నా భార్య అందుకుంది. ఆమె గుడివాడ పిల్ల, పెళ్ళై వచ్చి ముప్పై ఏళ్ళు దాటింది. కేక వేస్తే కాలువ అవతలి చేలో ఉన్నవాళ్ళు తిరిగి కేక వేశారు. నాన్నగారికి రానిది ఆమెకు వచ్చింది.

కాంపుల్లో ఉన్న పాఠకులకూ, ఇంకే రాష్ట్రంలోనైనా ఇలాగే ఉన్నవాళ్ళకూ ఒక్క మాట. మీ చుట్టుపక్కల కూడా ఈ చలికాలంలో ఏదో ఒక పొలం పండుగ, నది పండుగ ఉండే ఉంటుంది. ఈసారి టిక్కెట్లు చూసేముందు పక్కింటివారిని, "మీ పండుగకు మేమూ రావచ్చునా?" అని అడిగి చూడండి. వట్టిచేతులతో మాత్రం పోకండి. నాలుగు అరిసెలు పట్టుకెళ్ళండి. రావద్దన్నవాళ్ళు నాకింతవరకు తగల్లేదు.